పాటల పుస్తకం అడెల్‌విప్‌కే

తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున. వెజర్ నది ఒడ్డున ఉన్న మా మఠంలో పాటలు నేర్పే రిచెంజా అనే నేను, ఒంట్లో జ్వరం కాస్తున్నా మతి నిలకడగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. గొంతు పూర్తిగా పోయింది కనుక చెప్పి రాయించలేను. తొందరలో ఉన్నాను, కొట్టివేతలుంటే మన్నించాలి.

ఒకటి. నా ఉన్ని దుప్పటి, రాగి గిన్నె వంటింటి బెర్టాకు చెందాలి. ఉపవాస దినాల్లో వేడి బీరు చారులో తేనె కలిపి దొంగచాటుగా తెచ్చేది. "తాగమ్మా, దేవుడు చూసినా ఎవరికీ చెప్పడులే" అనేది. దానికి ఎంత ఇచ్చినా తక్కువే.

రెండు. నా నక్కతోలు కోటు మఠపెద్దమ్మ గెర్బర్గా గారికి. దాని మీద ఆవిడ కన్ను ఎప్పట్నుంచో ఉంది. చంకలో చిరుగుంది, ముందే చెబుతున్నాను.

మూడు. అసలు సంగతి ఇదీ. మా మేనత్త నాకిచ్చిన లాటిన్ పుస్తకంలో సన్యాసుల నియమాలు, ప్రార్థనలు, చివర మరియమాత పాట ఉన్నాయి. మాటలు ఎవరైనా చదువుతారు. వాటి మీది గుర్తులు గొంతు ఎక్కాలో దిగాలో చెబుతాయి గానీ ఎంత ఎక్కాలో చెప్పవు. పాట ముందే వచ్చినవాళ్లకే అవి పనికొస్తాయి. పెద్దమ్మగారేమో "కోడి కెలికినట్టుంది, ఆ తోలు పుటల మీది రాత గీకేస్తే కౌలు పత్రాలు రాసుకోవచ్చు" అంటున్నారు. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు.

ఆ పాట వచ్చినవాళ్లలో నేను కాక బతికున్నది అడెల్‌విప్ ఒక్కతే. చివరి మాట దగ్గర గొంతు దిగాలని నేను, ఎక్కాలని తను. అందరి ముందూ "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, ఎక్కడం చేతగాక దిగుతానంటావేమే!" అని, అలిగి ఏటి అవతలి మఠానికి వెళ్లిపోయింది. ఆ మాట ఇప్పటికీ మండుతూనే ఉంది.

అయినా పుస్తకం ఆమెకే. పెట్టెలో దాచకూడదు. మా మఠంలో చదువుకునే పిల్లలకు నోటికొచ్చేదాకా పాట నేర్పాలి. ఆ తోలు గీకినవారి పేరు పరలోకపు పుస్తకంలోంచి గీకివేయబడుగాక. పెద్దమ్మగారైనా సరే.

నాలుగు. దీన్ని అమలుచేయాల్సిన ఫాదర్ ఫోల్క్‌మార్ గారూ, నేను పోయాక కబురు పెడదాంలే అనుకోకండి. ఏరు గడ్డకట్టకముందే, ఇవాళే పడవ పంపండి. ఆమె నా మంచం పక్కన కూర్చుని ఒక్కసారి పాడాలి. చివర్లో పైకే వెళుతుంది, నాకు తెలుసు. అది తప్పు. చచ్చేముందు కూడా తప్పనే రాస్తున్నాను. కానీ ఎవరూ అడ్డుపడకండి, పాడనివ్వండి. తప్పుగానైనా ఆ పాట వినాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

ప్రభువు అవతరించిన 1187వ సంవత్సరం, పునీత మార్టిన్ పండుగ మర్నాడు.

(సంతకం) రిచెంజా

సాక్షులు:
గొడెస్టా, ద్వారం కాపలా సోదరి. రాయడం రాదు, సిలువ గుర్తు పెట్టింది.
ఫాదర్ ఫోల్క్‌మార్, మఠం గురువు. సంతకం చేసి, పడవలో నేనే వెళుతున్నాను.