బుడ్డోడు ఎంతవరకు చూశాడు

మార్చి 4, ఉదయం

నిన్న తమ్ముడు కార్టూన్ పెట్టుకున్నాడు. కుందేలు, తోడేలు ఉండే ఆ పాత కార్టూన్. చెప్పగానే అమ్మ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. ఒళ్లు కాలిపోతుంటే తప్ప వాడు అది చూడడే, చిన్నప్పట్నుంచీ అంతే, ఎక్కడ ఒంటరిగా పడున్నాడో ఏమో అంది. నాన్న పేపర్ వెనక నుంచి బయటికి రాలేదు. పేజీ కూడా తిప్పలేదు.

వాడు ఇల్లు వదిలి ఏడాది కావస్తోంది. చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేసినందుకు నాన్న వాణ్ని ఈ గడప మళ్ళీ తొక్కొద్దు అన్నాడు. వాడు తొక్కలేదు. నంబర్ మార్చేశాడు. ఫ్రెండ్స్ నోరు విప్పరు. మాకు మిగిలింది టీవీ కింద పాత లాప్‌టాప్‌లో నేను నడిపే మీడియా సర్వర్ ఒక్కటే. ఇంట్లో సినిమాలన్నీ అందులో ఉంటాయి, ఎక్కణ్నుంచైనా ఫోన్లో చూసుకోవచ్చు. వాడి అకౌంట్ పేరు బుడ్డోడు, ఏడిపించడానికి నేనే పెట్టాను. ఏం చూశాడో, ఎంతవరకు చూశాడో నా స్క్రీన్ మీద కనబడుతుందని వాడికి తెలియదు. తెలిస్తే అదీ మానేస్తాడు. అందుకే ముగ్గురం కిక్కురుమనకుండా ఉన్నాం.

రోజూ అమ్మ నిద్రలేచి అడిగే మొదటి మాట, చూశాడా అని. బతికున్నాడా అని అడగలేక.

మార్చి 4, సాయంత్రం

సర్వర్ లాగ్ చూశాను, ఎప్పుడేం జరిగిందో అందులో పడుతుంది. కార్టూన్ మాటిమాటికీ ఆగిపోయింది. జ్వరంతో ఉన్నవాడికి అదొక చిరాకు. కొత్త వెర్షన్‌లో ఆ తేడా సరిచేశారట. ఇప్పుడే అప్‌డేట్ చేస్తాను.

మార్చి 5

కొంప ముంచాను.

మార్చి 5, మళ్ళీ

సర్వర్ ఒక కంటెయినర్‌లో నడుస్తుంది, అంటే ఒక డబ్బా. పాత డబ్బా తీసేసి కొత్తది పెట్టడమే అప్‌డేట్. సినిమాలు బయట డిస్క్‌లో ఉన్నాయి, భద్రం. అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు, ఎవరు ఎంతవరకు చూశారన్నది మాత్రం డబ్బా లోపలే ఉండిపోయాయి. వాటిని కూడా బయట దాచమని చెప్పే లైన్ ఒకటుంది. అది నేను రాయలేదు. కొత్త డబ్బా తెరిస్తే పసిపిల్ల మొహం పెట్టుకుని మీ పేరేంటి అని నన్నే అడుగుతోంది.

సినిమాలన్నీ ఉన్నాయి. తమ్ముడు లేడు.

మార్చి 6

పొద్దున అమ్మ అడిగింది. చూశాడన్నాను. ఏం చూశాడంది. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పారిపోయాను. పొయ్యి మీద పాలే లేవు.

ఆఫీసులో సిస్టమ్స్ చూసే ఆయన్ని అడిగాను. ఎవరే కష్టం చెప్పుకున్నా ముందు బ్యాకప్ ఉందా అంటాడని అందరం బ్యాకప్ బాబాయ్ అంటాం. పాత డబ్బా ఆపావా, తీసేశావా అన్నాడు. తీసేశానన్నాను. బ్యాకప్ ఉందా అని కూడా అడగలేదు. ఇక ఏదీ తిరిగి రాదని అప్పుడే అర్థమైంది నాకు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. ఆ లైన్ రాశాను. బుడ్డోడు పేరుతో మళ్ళీ అకౌంట్ చేశాను. వాడి పాస్‌వర్డ్ నాకు తెలియదు కాబట్టి ఏదీ పెట్టలేదు.

మార్చి 7

లాగ్‌లో వాడి పేరుంది! లాగిన్ తిరస్కరించాం, బుడ్డోడు. వరసగా నాలుగుసార్లు. పాత పాస్‌వర్డ్ కొడుతున్నాడు. ఖాళీగా వదిలేయాలని వాడికెలా తడుతుంది?

బతికున్నాడు. ఒక్క నిమిషం సంతోషించాను. ఆ తర్వాత వాడి వైపు నుంచి ఆలోచించాను. ఇంట్లోంచి నాన్న పొమ్మన్నాడు. ఇప్పుడు ఇందులోంచి కూడా తీసేశారనుకుంటాడు. అదీ ఒంట్లో బాగాలేనప్పుడు.

మార్చి 8

లాగ్‌లో ఏమీ లేదు.

మార్చి 9

అమ్మకు అంతా చెప్పేశాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గోడ వైపు తిరిగి పడుకుంది.

లాగిన్ పేజీలో ఒక నోటీసు పెట్టుకోవచ్చు, లోపలికి రాకపోయినా కనబడుతుంది. గంట నుంచి రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. నాన్న వెనక నిలబడి ఉన్నాడని చూడలేదు. నేను చెప్తా, రాయి అన్నాడు. నిన్ను తీసెయ్యలేదురా, మీ అక్క పొరపాటు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఖాళీగా వదిలేసి రా. రాశాను. కాస్త ఆగి ఇంకోటి చెప్పాడు. జ్వరం తగ్గిందా?

అది రాస్తే మనం చూస్తున్నామని వాడికి తెలిసిపోతుంది నాన్నా, ఇక ఎప్పటికీ రాకపోవచ్చు అన్నాను. తెలియనీ అన్నాడు. కింద ఇట్లు నాన్న అని పెట్టమన్నాడు.

మార్చి 10

ఏమీ లేదు. చూస్తున్నామని తెలిసి వెళ్ళిపోయాడేమో. నాన్న మాట వినకుండా ఉండాల్సింది.

మార్చి 11, ఉదయం

బుడ్డోడు లోపలికి వచ్చాడు. ఏమీ పెట్టుకోలేదు. పేరు పక్కన, లోపలే ఉన్నాడని చెప్పే పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. అమ్మ లేచి వచ్చింది. నాన్న కుర్చీ లాక్కున్నాడు. మేము కదల్లేదు. వాడూ కదల్లేదు.