ఉప్పుటేరు గడకు గుల్లలు

మార్చి 2, ఆదివారం

అన్నయ్య చేపల చెరువు దగ్గరికి వెళ్ళాను. ఉప్పుటేరులో ఇంజన్ పైపు కట్టిన వెదురు గడకు, నీళ్ళలో మునిగిన భాగమంతా శనగగింజంత తెల్ల గుల్లలు. బార్నకిల్స్! ఓడల అడుగుకు పట్టేవి ఇంత ఎగువన, చప్పనీళ్ళుండే చోట ఎప్పుడూ చూడలేదు. గీకితే ఊడవు. గడ ముక్కే కోసి, ఆ నీళ్ళతోనే సీసాలో వేసుకొచ్చాను. నువ్వు చెప్పే పాఠానికి ఇవి కూడా పనికొస్తాయా అని అన్నయ్య నవ్వాడు.

మార్చి 4

బతికే ఉన్నాయి. గుల్ల మూత తెరిచి, సన్నటి కాళ్ళు వలలా విసిరి లాక్కుంటున్నాయి... కాఫీ చల్లారిపోయింది.

మార్చి 7

క్లాసులో చూపించాను. బార్నకిల్ పిల్లగా ఉన్నప్పుడు ఈదుతూ తిరిగి, చోటు ఎంచుకుని తలతో అతుక్కుంటుంది. ఇక చచ్చేదాకా కదలదు. సంబంధాలు చూసే మా పిన్ని కూడా అంత వెతకదన్నాను. పిల్లలు నవ్వారు.

మార్చి 10

గడ ముక్కను కాసేపు కుళాయి నీళ్ళలో పెట్టాను. అన్నీ మూతలు బిగించుకున్నాయి. ఉప్పు తగ్గితే అంతే. నోట్సులో రాసుకున్నాను.

మార్చి 16

అన్నయ్య ఫోన్. చెరువుకు ఉప్పుటేటి నీళ్ళు ఎక్కించి నిన్న మంచినీటి చేపపిల్ల వదిలాడట. రుచి చూశావా అన్నాను. నాన్నలాగే తెల్లవారి, పళ్ళు తోమకముందు దోసిట్లో తీసుకుని చూశాడట. "చప్పగానే ఉన్నాయమ్మా."

ఆటు వేళ పైనీళ్ళు చప్పగానే ఉంటాయి. పోటుకు ఉప్పు అడుగున వస్తుంది. పైపు ఉండేది అడుగునే.

నీళ్ళు టెస్టు చేయించమన్నాను. గుల్లల మాట ఎత్తలేదు.

మార్చి 18

టెస్టులో ఉప్పు ఎక్కువట. పిల్ల చచ్చి తేలుతోంది. కాలవ నీళ్ళ కోసం తిరుగుతున్నాడట. "మీ అన్నయ్య అన్నం ముట్టలేదు" అంది వదిన.

మార్చి 19

రెండు వారాలుగా నా బల్ల మీద ఉన్నవి ఆ నీళ్ళే. సిగ్గుగా ఉంది.

మార్చి 21

తాడేపల్లిగూడెం బస్టాండులో ఏలూరు బస్సు కోసం చూస్తుండగా అన్నయ్య ఫోన్. గడ పీకి చూశాడట. గొంతు పెంచలేదు.

"ఇవి ఉప్పునీళ్ళలో బతికేవే కదా? నువ్వొచ్చిన రోజుకే ఉన్నాయి కదమ్మా?"

ఉన్నాయన్నాను.

"మరి నాకు చెప్పలేదేం?"

బస్సొచ్చిందని పెట్టేశాను. ఏలూరు బస్సు ఇంకో అరగంటకు గానీ రాలేదు.