బెక్ తొక్కిన మొక్కలు
ఆర్కన్సా, 1933 అక్టోబరు

అమ్మా, అందరం ప్రాణాలతోనే ఉన్నాం, కంగారుపడకు.

పత్తి ధర పెరగాలని, కాయ పట్టిన చేను దున్నేస్తే సర్కారు డబ్బిస్తానంది. దొర సరేనని, మేం సగపాలుకు చేసే చేనును నీ అల్లుడు ఎల్బర్ట్ చేతే దున్నించాడు. దొరగారి కంచరగాడిద బెక్ నీకు తెలుసుగా? మొక్క తొక్కితే దెబ్బ పడుతుందని దానికి పిల్లప్పుడే నేర్పింది ఎల్బర్టే. ఇప్పుడు మొక్కల మీదే నడవమంటే ససేమిరా కదల్లేదు. నేర్పిన చేత్తోనే కొట్టి కొట్టి నడిపించాడు. ఆ పూట రొట్టె ముట్టలేదు.

మొన్న చెక్కు దొర పేరనే వచ్చింది. ఎల్బర్ట్ వెళ్ళి మా సగం ఇమ్మంటే, "పత్తే లేందే సగమెక్కడిదిరా?" అని నవ్వాడు. "వచ్చే ఏడు పత్తి వేసే చేనూ తక్కువే. క్రిస్మస్ లోపు గుడిసె ఖాళీ చెయ్యండి."

"మరి బెక్కో, దొరా?"

"దానికి పనుంది. అది ఉంటుంది."

చలి తగ్గేదాకా మా పిల్ల ఓరానీ చంటాణ్ణీ నీ దగ్గర ఉంచుకుంటావా? ఎక్కువ తినరమ్మా. తమ్ముడు పనిచేసే రంపపు మిల్లులో మనుషులు కావాలేమో కనుక్కో. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ కోరీన్

కార్డు కొసన కాస్త చోటు మిగిలింది. పొద్దున బెక్ కట్టు తెంచుకొచ్చి, మేం తినే కూరమడి మీదుగా తాపీగా నడిచిపోయింది. ఒక్క మొక్క మిగల్లేదు. కర్ర పట్టుకున్నాడే గాని, ఎల్బర్ట్‌కి చెయ్యి రాలేదు.