కుర్చీలో కూర్చున్నవాళ్ల మాట

మార్చి 12, మంగళవారం

బాబాయికి నమస్కారాలు. ఇవాళ పొద్దున్నే ఒక వింత. నాన్న గడ్డం గీసుకోవడానికి కూడా క్యాన్ నీళ్లే ఒంపుకున్నాడు. కుళాయి నీళ్లు ముట్టనని కొనిపిస్తున్న ఆ క్యాన్ ఇన్నాళ్లూ తాగడానికే అనుకున్నాం. ఇది తప్ప అందరం క్షేమం.

ఊరి కుళాయిలకు నీళ్లిచ్చే ట్యాంకులో ఎవరో తెల్లపొడి పోస్తున్న ఆ వీడియో నాన్నను ఇంకా వదల్లేదు. అది నీళ్లు శుభ్రం కావడానికి మీ ప్లాంటులో నువ్వు రోజూ కలిపే బ్లీచింగ్ పౌడరేనని ఎంత చెప్పినా, మన వీధికి జబ్బులు రావాలని అవతలి పార్టీవాళ్లు వేయిస్తున్న మందేనన్నాడు కదా. "ఆ పొడి కలిపిన చేతులతో నా గడప తొక్కకురా" అన్న మాట నా చెవుల్లోనే ఉంది. నువ్వు రాక నెల దాటింది. అమ్మ నవ్వడం తగ్గించింది.

ఆదివారాలు నాన్న సెలూన్‌లో కూర్చుని గమనించాను. కుర్చీలో ఉన్నవాళ్లు ఏమన్నా నాన్న "అవునండి" అంటాడు. కాదంటే వాళ్లు గభాలున తల తిప్పుతారు, కత్తెర చెవికి తగులుతుంది. పొద్దస్తమానం ఆ వీడియో గురించే వింటూ అవునవునంటే, ఇల్లు చేరేసరికి అది నాన్న సొంత మాటైపోతోంది. వినీ వినీ మరిగాడు.

వినడమొక్కటే కారణమా అంటే, కాదు. నాన్న పార్టీ నాయకుడి మీద పుట్టిన పుకారునూ అదే కుర్చీ దగ్గర అంతే విన్నాడు, దానికీ అవునండి అన్నాడు. దాన్ని మాత్రం జుట్టుతో పాటే ఊడ్చేశాడు, ఇంటికి తేలేదు. నేనూ తక్కువ తినలేదులే. ఆ నాయకుడంటే నాకు పడదు కాబట్టి ఆ పుకారు ఇట్టే నమ్మేశాను.

అందుకే వాదన వద్దు, సెలూన్‌కి రా. కుర్చీ ఎక్కినవాణ్ని నాన్న ఇంతవరకూ దింపేయలేదు. బట్టతలకి కత్తెరతో పనేముందంటావేమో, గడ్డమైనా గీయించుకో. ఈ ఉత్తరం కాలేజీకి వెళ్తూ మీ ప్లాంటు గేటు దగ్గర ఇస్తాను.

నీ వాగుడుకాయ

తా.క.: అమ్మ ఇప్పుడే బయటపెట్టింది. మొదటి వారం తర్వాత అసలు క్యాన్ కొననేలేదట. ఖాళీదాన్ని మన కుళాయి కిందే నింపుతోంది. నాన్న ఇన్నాళ్లూ తాగినవి నువ్వు శుభ్రం చేసి పంపిన నీళ్లే, పైగా కుళాయి నీళ్లకీ వీటికీ పోలికే లేదని మెచ్చుకుంటూ. ఈ సంగతి నువ్వే చెప్పాలట. రేపు పొద్దున షట్టర్ తీసేసరికి అక్కడుండు. నేను క్యాన్ తెస్తాను, ముందు ఇద్దరూ చెరో గ్లాసు తాగండి. నురగ రాసేటప్పుడే చెప్పెయ్, కత్తి తీశాక వద్దు.