తుడిచేసిన బంక

మహబూబ్‌నగర్, 1961 ఆగస్టు, శనివారం

నేను పుప్పొడి అద్దిన ఆనిగెపు పిందెలు, అదే సొరపిందెలు, మూడూ రాలిపోయాయి. అద్దే ముందు ఆడపువ్వుల కీలాగ్రాలను తడిబట్టతో తుడిచానని చెబితే నేను కిరాయికుండే ఇంటి అవ్వ పకపకా నవ్వింది.

"గా బంకనే తుడిస్తివి, ఇగ పొడి యాడ అంటుతది సారూ?"

ఆమె వేలితో తాకి, జిగటగా ఉంటేనే మగపువ్వు అద్దుతుంది. ఆమె పిందె ఒక్కటీ రాలలేదు.

ఇవాళ కాలేజీలో కీలాగ్రానికి పెక్టిన్‌ను ఎర్రబరిచే రంగు పట్టించి మైక్రోస్కోపులో చూశాను. బంక ఉన్నచోటల్లా ఎర్రబడింది. పుప్పొడిని పట్టి ఉంచే పెక్టిన్ జిగురే! మూడేళ్లుగా పాఠం చెబుతున్న పదార్థాన్ని మురికనుకుని నా చేత్తోనే తుడిచేశాను.

సోమవారం మళ్లీ అదే పాఠం. అవ్వను క్లాసుకు రమ్మన్నాను. ప్రిన్సిపాల్ ఏమంటారో...

"గాడ నేనేం జూడాలె సారూ?" అంది.

"చూసుడు కాదవ్వా, నువ్వు చెప్పాలె."