పెన్సిల్‌తో రాసిన టైము

బుధవారం రాత్రి, జనవరి 1996

వాన తప్పేమీ లేదు. నాలాగే వాతావరణం పిచ్చి ఉన్న దోహాలో అల్ ఘర్రాఫా పేట మూర్తిగారూ, నేనూ నాలుగు రోజులుగా రేడియోకి కంప్యూటర్ తగిలించి వాతావరణ పటాలు పట్టి, రెండు దేశాల వాతావరణ శాఖల అంచనాలు పక్కపక్కన పెట్టి వాదించుకున్న వానే. చివరికి ఆయన పటం అంచున పెన్సిల్‌తో వాన మొదలయ్యే టైము ‘పన్నెండు’ అని రాసిచ్చారు. పటాల మీద ఉండేది గ్రీన్‌విచ్ టైమే కదా అని నా తెలివి. ఆయన అప్పటికే దోహా టైముకి మార్చారేమో అడగకుండా, దోహా మూడు గంటలు ముందుంటుందని ఇంకో మూడు గంటలు కలిపేశాను.

పొద్దున, షమాల్ ఊళ్లో మేం కడుతున్న బిల్డింగ్ సైట్‌లో మేస్త్రీ రాజయ్య అడిగాడు. "సారు, మబ్బు పట్టింది. స్లాబ్ ఎయ్యాల్నా, ఆపాల్నా?"

"వేసేయ్ రాజయ్యా. మూడింటిదాకా రాదు, ఈలోగా గట్టిపడుతుంది."

పన్నెండు కొట్టీకొట్టకముందే కుమ్మేసింది. సిమెంటంతా కొట్టుకుపోయి కంకర తేలింది. మేనేజర్ అందరి ముందూ రాజయ్యను తిట్టాడు, ఆకాశం కనబడలేదా అని. నేను ఆఫీసు గుమ్మంలో తడవకుండా నిలబడి ఉన్నాను. స్లాబ్ వేయమన్న ఇంజనీరుని నేనే అని చెప్పలేదు. శుక్రవారం సెలవు మానుకుని వాళ్లంతా ఆ స్లాబ్ పగలగొట్టాలి.

మూర్తిగారికి ఫోన్ చేస్తే, "మన లెక్క అచ్చు గుద్దినట్టు కుదిరిందండీ" అని మురిసిపోయారు. నేను మూడు గంటలు కలిపిన సంగతి ఆయనకీ చెప్పలేదు.

లేబర్ క్యాంప్ బస్సు ఎక్కబోతూ రాజయ్య నా దగ్గరికొచ్చాడు. "వాన మీ చేతుల ఉంటదా సారు? మల్లోసారి గూడ మీరే చెప్పుండ్రి."

సరే అన్నాను.