వ్యాన్‌లో బ్లూస్ పాఠం

శుక్రవారం రాత్రి, రియాద్

ఈరోజూ గొంతు పలకలేదు. క్యాంపు వెనక కంపెనీ వ్యాన్‌లో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాం. నాకు రాక్, బ్లూస్ పాడటం నేర్పుతున్న ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ డానీ, గిటార్ తీస్తూనే చెప్పాడు. సౌదీలకు చాలినన్ని ఉద్యోగాలివ్వక మా కంపెనీ నితాఖత్ లెక్కలో రెడ్‌కి పడిపోయిందట. విదేశీ పనివాళ్ల మీద లెవీ కట్టలేక అతని నివాస కార్డు ఇకామా రెన్యువల్ చేయించడం లేదట. ఎల్లుండే ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఇంటికే.

"గొంతు బిగించకు, పొట్టలోంచి రానీ," అన్నాడు, ఎప్పటిలాగే ఓపిగ్గా. పై స్వరం అందుకోబోతే గొంతు జీరపోయింది. మళ్లీ ప్రయత్నించాను, బొంగురు అరుపే వచ్చింది. ఇతను వెళ్లిపోతే నాకు నేర్పేదెవరని దిగులేసి ఇంకా గట్టిగా అరిచాను.

ఎవరో అద్దం తట్టారు. దించి చూస్తే మా రూమ్‌లో ఉండే మల్లేశ్.

"ఏడ్వకు అన్నా," అన్నాడు. "ఎగ్జిట్ లిస్టుల నీ పేరు గూడ ఉన్నదని ఎవలు చెప్పిన్రు? నేనే మెల్లగ చెప్దామనుకున్న."

నాకెవరూ చెప్పలేదు. ఏడవడం లేదు, పాడుతున్నానని చెప్పేలోపే మల్లేశ్ తలుపు తీసి నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

డానీకి తెలుగు రాదు. "ఇంకోసారి పాడు," అన్నాడు.

పాడలేకపోయాను. ఇంటికింకా ఫోన్ చేయలేదు...